కాకి రాని చోట

మా నాయన కేశవులుకు బనగానపల్లెలో స్టీలు సామాన్ల అంగడి ఉండేది. బేరమాడే ఆడవాళ్ళు వస్తే ఆయనకు పండగే. "అక్కా, ఈ చెంబు నీ మనవరాలి పెండ్లికి కూడా ఇట్లనే మెరుస్తాది. అప్పటికి నేనుండను, నువ్వుంటావు. మెరవకపోతే వచ్చి నా అంగడి ముందర తిట్టిపో" అనేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ చెంబు కొనుక్కుపోయేవాళ్ళు. ఇంట్లో మాత్రం ఆయన తమాషాలు చెల్లేవి కావు. అందుకే ఇరవై ఏళ్ళుగా చెబుతూ వచ్చిన ఒక మాటను కూడా మేమెవరం పట్టించుకోలేదు.

"నేను పోయినాక నా పిండం యాగంటిలో పెట్టండప్పా."

యాగంటిలో కాకి వాలదు. అగస్త్యుడు తపస్సు చేసుకుంటుంటే కాకులు గోల చేశాయని, ఆయన శపించాడని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి పిండం పెట్టేదే కాకి ముట్టాలని. ముడితే పోయిన మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని ఇంట్లోవాళ్ళు చేతులు జోడించి బతిమాలాలి. కాకి లేని చోట పిండం పెట్టమనడం పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళి చేయమన్నట్టే. మేం నవ్వి ఊరుకునేవాళ్ళం.

నాయనకు యాగంటి పిచ్చి. ఉగాదికి కాక ఆయన అంగడి మూసేది ఏడాదిలో ఒక్కరోజే, కార్తీకంలో ఒక సోమవారం. ఎర్రబస్సు కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టడం మా అన్న మురళి పని. చిత్రాన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చోవడం నా పని. నాయన మాత్రం వాళ్ళమ్మ, అంటే మా అవ్వ పక్కన కూర్చొని, దారి పొడుగునా ఆమెకు ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టేవాడు.

అక్కడ దిగగానే నంది నోట్లోంచి పడే చల్లటి నీళ్ళు నెత్తిన చల్లుకునేవాళ్ళం. ఉమామహేశ్వరులను చూసుకొని, అగస్త్యుడి గుహకు ఆ నిటారు మెట్లు ఎక్కి, వీరబ్రహ్మంగారి గుహలో నడుములు వంచుకొని దూరి బయటపడేవాళ్ళం. ఆఖర్న బసవన్న. ఆ రాతి బసవన్న ఏటేటా పెరుగుతాడంటారు. నాయన నన్ను ఆయన పక్కన నిలబెట్టి, "ఈ ఏడు నువ్వు పెరిగినావా, ఆయప్ప పెరిగినాడా చూద్దాం" అని జానతో కొలిచేవాడు. ఎప్పుడూ బసవన్నే గెలిచేవాడు. నాకు ఉక్రోషం వచ్చేది. "నా చిన్నప్పుడు ఈయప్ప చుట్టూ తిరిగేవాణ్ణి పాపా, ఇప్పుడు సందే లేదు. లావైంది ఆయప్పో నేనో తెలీలేదు" అనేవాడు పొట్ట నిమురుకుంటూ.

తర్వాత భోజనం. మా అవ్వకు ఇంట్లో ఒక నియమం ఉండేది. రోజూ మొదటి ముద్ద పిట్టగోడ మీద పెట్టి, కాకి వచ్చి తిన్నాకే తను తినేది. ఒక్కోరోజు కాకి రెండింటికి గానీ వచ్చేది కాదు. అప్పటిదాకా మంచినీళ్ళు కూడా తాగకుండా గోడ వైపే చూస్తూ కూర్చునేది. అవ్వకు కాకులంటే ఎంత ప్రేమో అనుకునేదాన్ని. యాగంటిలో మాత్రం నాయన అందరికంటే ముందు ఆమె విస్తట్లో చిత్రాన్నం పెట్టి, "తినమ్మా. ఈడ ఎవరూ రారు" అనేవాడు. అవ్వ గబగబా, ఆకలిగా తినేది. మారు పెట్టించుకునేది. ఆమె మారు అడగడం నేను అక్కడ తప్ప ఎక్కడా చూడలేదు.

అవ్వ పోయింది. నేను పెళ్ళై కర్నూలు వచ్చేశాను. ఈ ఎండాకాలం నాయన పోయాడు, డెబ్బై ఒకటో ఏట. చక్కెర జబ్బు ఉన్నా మనిషి గట్టిగానే తిరిగేవాడు. పోవడానికి మూడు రోజుల ముందు బేనిషా మామిడిపండు కావాలని పిల్లాడిలా మారాం చేశాడట. అమ్మ ఒక్క ముక్క కోసిచ్చి, మిగతా పండ్లు బియ్యం డ్రమ్ములో దాచింది. మూడో రోజు నిద్రలోనే పోయాడు.

అమ్మకు ఇక ఆ పండే లోకమైపోయింది. "మామిడిపండ్ల ఊర్లో పుట్టిన మనిషికి ఒక్క ముక్కే ఇచ్చినాను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. పదో దినం దగ్గరపడ్డాక మురళితో అంది.

"జుర్రేరు వాగు గట్టున పెట్టురా. పిండం పక్కన పండు పెడతా. కాకి ముడితే మీ నాయన నన్ను మన్నించినట్టు. ముట్టకుంటే ఆ పాపం నాదే."

మురళి సరేనన్నాడు. నాకు మాత్రం నాయన మాట గుర్తొచ్చి గుబులైంది.

ఆ సాయంత్రం మా ప్రకాశం పెద్దనాయన దిగాడు. నాయనకు అన్న. పెళ్ళిలో పప్పు ఉడకలేదని విస్తరి ముందు నుంచి లేచిపోయే మనిషి. నాకు ఆయనంటే పడదు. శాస్త్రం మాట్లాడతాడులే అనుకొని, రెచ్చగొట్టడానికే అన్నాను, "నాయన యాగంటిలో పెట్టమన్నాడు పెద్దనాయనా" అని.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"వాడు తమాషాకు చెప్పలేదు పాపా. మా నాయన పదో దినం ఆ జుర్రేరు గట్టునే. వీడికి తొమ్మిదేండ్లు. కాకులు చెట్టు మీదే ఉండాయి గానీ ఒక్కటీ దిగలా. మా చిన్నాయనలు ఒక్కొక్కరే మా అమ్మను అడగబట్టిరి. పోయేటప్పుడు నోట్లో నీళ్ళు పోసినావా? ఏం అడిగితే లేదన్నావు? ఏం దాచినావు? ఆమె ఎండలో నిలబడి ఒక్కోదానికీ చేతులెత్తి మొక్కింది. పొద్దు గూకినాక పిండం ఆవుకు పెట్టి మేమంతా ఇంటికొచ్చినాము. ఆమె మాత్రం రాలేదనుకో. బతికినన్నాళ్ళూ ఆ కాకి ముందరే నిలబడింది."

పిట్టగోడ మీది ముద్ద నా కళ్ళ ముందు కదిలింది.

"ఏడాదికి ఒక్కపూటన్నా ఆమె నెమ్మదిగా తినాలని వాడు యాగంటికి తీసుకపోయేవాడు. నాతో ఎన్నిసార్లు చెప్పినాడో. అన్నా, నా పెండ్లాన్ని కాకి ముందర నిలబెట్టొద్దు అని."

అమ్మ తలుపు చాటు నుంచే అడిగింది. "మరి నన్ను మన్నించినాడో లేదో నాకెట్ల తెలిసేది బావా?"

"ఇరవై ఏండ్ల ముందరే చెప్పి పెట్టినాడు గదమ్మా" అన్నాడు పెద్దనాయన.

నాకు ఏడుపు ఆగలేదు. నాయన కోసం ఏడ్చానో, ఆయన మాటకు నవ్విన ఇరవై ఏళ్ళ కోసం ఏడ్చానో చెప్పలేను.

పదో దినం యాగంటికి వెళ్ళాం. మైల కాబట్టి గుడి మెట్లెక్కలేదు. కింద కాలువ పక్కన మురళి పిండాలు పెట్టాడు. అమ్మ పక్కన ఒక బేనిషా పండు పెట్టింది. అలవాటుగా అందరం తలెత్తి చూశాం. ఎర్ర కొండ, ఎండ, అంతే. పారే నీళ్ళలో వదిలితే చాలునని పురోహితుడు అన్నాడు. వదిలేశాం. ఎవరూ అమ్మను ఏమీ అడగలేదు.

వేపచెట్టు కింద విస్తళ్ళు వేశాం. అమ్మ మొదటి ముద్ద తీసి, పక్కన పెట్టడానికి చోటు కోసం చూసింది. ఆమెకు ఎప్పుడూ లేని అలవాటు అది.

పెద్దనాయన ఆమె వైపు చూడకుండానే అన్నాడు.

"తినమ్మా. ఈడ ఎవరూ రారు."

అమ్మ ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది.