ఒనైడాల కాగితం, మా అత్త వేలిముద్ర

ఒనైడాలనే అమెరికా ఆదివాసీల మీద మాట్లాడినందుకు నాకు శాలువా కప్పి చేతిలో కొబ్బరికాయ పెట్టారు. చంద్రపూర్‌లో ఏ సభకు పోయినా ఆ రెండూ తప్పవు. కానీ ఆ ప్రసంగం నేను మొదట చెప్పింది సభలో కాదు. ముందురోజు సాయంత్రం మా ఇంటి వరండాలో, చదువురాని మా మేనత్తకు చెప్పాను. అక్కడ నాకు జరిగిన సన్మానం గురించే ఇది రాస్తున్నాను.

నేను జూనియర్ కాలేజీలో మరాఠీలో చరిత్ర చెప్తాను. ఏటా ఆగస్టులో ఆదివాసీ దినోత్సవం జరుపుతాం. ఆ ఏడు మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఈసారి బయటి దేశపు తెగ ఏదైనా చూసుకొని మాట్లాడండి అన్నాడు. ఆయన భయం నాకు తెలుసు. కోర్పనా వైపు గనుల పక్కన బతుకుతున్న కొలాం ఆదివాసీల గురించి మాట్లాడితే పైనుంచి ఫోన్లు వస్తాయి, అమెరికా వాళ్ల గురించి మాట్లాడితే చప్పట్లు వస్తాయి. దూరపు కొండలు నునుపు. నేనూ సంతోషంగానే ఒప్పుకున్నాను. పిరికితనంలో నేను ఆయనకేమీ తీసిపోను.

అత్త మా నాన్నకు అక్క. పెళ్లయిన మూడో ఏడే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా తాత వదిలిన ఏడెకరాల చెల్కను నలభై ఏళ్లు ఆమే చేసింది. నాన్న పేరుకు రైతు. ఎద్దుల బేరాలు, పత్తి అమ్మకం ఆయనవి, మిగతా చాకిరీ అంతా ఆమెది. సున్నపురాయి తవ్వేవాళ్లు ఆ చుట్టుపక్కల పొలాలు కొనడం మొదలుపెట్టగానే నాన్న అమ్ముదామన్నాడు. అయితే తాత పోయాక భూమి రికార్డులో అత్త పేరు కూడా ఎక్కింది. ఆమె వదులుకుంటే తప్ప అమ్మకం కుదరదు. దానికి మా వైపు ఒక కాగితముంది, హక్కసోడ్ పత్రం అంటారు. ఒక చీర పెట్టించుకొని, అన్నదమ్ముల పేర హక్కు వదిలేస్తూ ఆడపిల్లలు వేలిముద్ర వేసే కాగితం అది.

అత్త ససేమిరా అంది. నాన్న అరిచాడు, రెండు రోజులు అన్నం మానేశాడు, ఆమె కదల్లేదు. కాగితమంతా మరాఠీలో ఉంది. ఆమెకు తెలుగు తప్ప, సంతలో పనికొచ్చే నాలుగు మరాఠీ ముక్కలే వచ్చు. చదివి చెప్పే పని ఇంట్లో చదువుకున్నవాడినని నామీద పడింది. చదివాను. చదవాల్సిన చోట చదవలేదు. "అమ్ముడు కాదత్తా, కొన్నేండ్లకు ఇచ్చుడంతే. రాయి తీసుకొని, మట్టి నింపి మల్ల మనకే ఇస్తరు" అని చెప్పాను. ఆమె కాగితం వైపు చూడలేదు. నా మొహం చూసి వేలిముద్ర వేసింది.

ఆ సాయంత్రానికి ఇది జరిగి తొమ్మిదేళ్లు. నాన్న పోయాక అత్తను చంద్రపూర్ తెచ్చుకున్నాను. ఏటా మిరుగం కార్తె వానలు పడగానే, "ఇంక ఎన్నేండ్లురా?" అని అడిగేది. "ఇంకో రెండేండ్లత్తా" అనేవాణ్ణి. ఆ రెండేళ్లు ఎప్పుడూ తరిగేవి కావు. అక్కడ పొలం లేదు, మట్టి నింపలేదు, నీళ్లు నిండిన గుంత ఉంది. నేను ఆ మాట చెప్పలేక, ఆ అబద్ధం మోయలేక ఇన్నేళ్లూ ఆమె వడ్డించిన అన్నమే తింటూ వచ్చాను.

ఆ సాయంత్రం ఆమె తీగ మీది బట్టలు తీసి, కరెంటు ప్లాంటు బూడిద దులిపి మడత పెడుతోంది. నేను పక్కనే కూర్చొని కాగితాలు చూసుకుంటున్నాను.

"ఏందిరా, లోపట్ల లోపట్ల గొణుగుతున్నవ్?"

"రేపు కాలేజీల మాట్లాడాలె అత్తా."

"గట్లయితే ముందుగాల నాకు చెప్పు. నాకు సమజయితే అందరికీ సమజయితది."

చెప్పాను. అమెరికాలో తెల్లవాళ్ల కంటే ఎంతో ముందునుంచి ఉన్న జనం వాళ్లు. ఒనైడా అన్న పేరుకు నిలిచిన రాయి జనం అని అర్థం. వాళ్లు ఊరు మార్చిన ప్రతిసారీ ఒక రాయి ఎవరూ మోయకుండానే వాళ్ల వెంట వచ్చేదని చెప్పుకుంటారు.

"మన రాయి లారీలెక్కి పోయింది" అంది అత్త, నవ్వుతూ.

వాళ్లలో పిల్లలది తల్లి వంశం. తాబేలు, తోడేలు, ఎలుగుబంటి అని మూడు వంశాలు. పెద్దమనిషిని నిలబెట్టేది వంశంలోని పెద్ద ఆడవాళ్లు, వాడు దారి తప్పితే దించేదీ వాళ్లే. మక్కజొన్న చేన్లు ఆడవాళ్లవి. అత్త చేతిలోని చీర ఆగింది.

"ఆడోళ్లవా? మంచి రాజ్యమే ఉండె" అంది.

అమెరికావాళ్లు ఇంగ్లండు రాజుతో కొట్లాడినప్పుడు ఒనైడాలు అమెరికావాళ్ల పక్కన నిలిచారు. చలిలో ఆకలితో మాడుతున్న సిపాయిలకు మక్కలు మోసుకుపోయారు. పచ్చివి తింటే కడుపులు ఉబ్బుతాయని, ఎట్లా వండుకోవాలో నేర్పడానికి వాళ్ల ఆడమనిషి ఒకతి అక్కడే ఉండిపోయిందట. యుద్ధం గెలిచాక ఆ తెల్లవాళ్లే కాగితాలు పట్టుకొని వచ్చారు. లక్షల ఎకరాల భూమి కరిగి కరిగి, పాత చోట ముప్పై రెండెకరాలు మిగిలింది. కొందరు విస్కాన్సిన్ పోయారు, కొందరు కెనడా పోయారు.

"అన్నం పెట్టినోళ్లనే ముంచిండ్రు" అంది అత్త. మళ్లీ తనే, "మన చెల్కల గూడ ముందు కొలామోళ్లుండిరని మా నాయిన అంటుండె. ఆళ్ల నుంచి ఎట్ల తీసుకుండో నేను గూడ అడగలే" అంది.

ఆ ముక్క నా ప్రసంగంలో లేదు. ఉండాల్సింది.

"ఇప్పుడేం జేస్తున్నరు ఆళ్లు?"

"జూదం ఆడించే పెద్ద హోటళ్లు పెట్టుకున్నరు. పోయిన భూమిని ముక్క ముక్క కొంటున్నరు. ఆళ్ల తెల్ల మక్కలు మల్ల పండిస్తున్నరు. భాష వచ్చిన ముసలోళ్లు దాదాపు అయిపోయిండ్రు. పిల్లలకు బడుల నేర్పుతున్నరు."

"ఎవలి భూమి ఆళ్లే కొనుక్కునుడా? ఇదేం ఇచ్చంత్రం!" అని, మళ్లీ మొదటికే వచ్చింది. "ఆడోళ్ల చేన్లు గదా. కాయితం రాసెటప్పుడు ఆడోళ్లను అడిగిండ్రా?"

"తెల్లోళ్లు మగోళ్లతోనే మాట్లాడేది."

"మరి ఆళ్లకు ఇంగ్లీషు రాకపాయె. ఎవలు సదివి చెప్పిండ్రు?"

"మధ్యల రెండు భాషలొచ్చినోడు ఉంటుండె. ఒక పెద్ద కాయితం కౌలుకే అనుకున్నరు అత్తా. అమ్మినట్టని ఎనుక తెలిసింది."

నోటి నుంచి వచ్చాక గానీ నేనేం చెప్పానో నాకు వినబడలేదు. అత్త మడత పెట్టిన బట్టల మీద చెయ్యి వేసి, జాలిగా తల ఊపింది.

"పాపం. మనం నయం. మనకు సదివెటందుకు నువ్వుంటివి."

దొంగకు తేలు కుట్టినట్టయింది. ఎప్పటిలాగే నోరు మూసుకుంటే ఆ పూటా గడిచిపోయేది. కానీ ఆ జాలి నేను తట్టుకోలేకపోయాను. వెక్కిరించినా, తిట్టినా భరించేవాణ్ణి. చెప్పేశాను. అది కౌలు కాదని, పొలం పూర్తిగా పోయిందని, ఆ సంగతి తెలిసే ఆరోజు దాటేసి చదివానని చెప్పాను. నాన్న పేరు ఎత్తలేదు. ఆ నోరు నాది.

ఆమె ఏడవలేదు. మడత పెట్టిన చీర విప్పి మళ్లీ మడత పెట్టింది.

"గప్పుడే చెప్తే, ఒక్క దినం పోయి చెల్కల కూసొని వస్తుంటి గదరా" అంది. "మల్ల వస్తది గదా అని ఎనక్కి తిరిగి గూడ చూడలే."

క్షమించమని అడిగాను.

"ఆ కాయితం ఉన్నదా?"

"జిరాక్సు ఉన్నది."

"తే. సదువు. తెలుగుల సదువు. ఒక్క ముక్క ఇడువకు."

బీరువా లోంచి తెచ్చి చదివాను. నా రాజీఖుషీతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, చదివించుకొని విని, నా హక్కు శాశ్వతంగా వదులుకుంటున్నాను అని ఉంది. చదివించుకొని విని అన్నచోట ఆగిపోయాను. అత్త వదల్లేదు, "మల్లొకసారి సదువు" అంది. మళ్లీ చదివాను. కింద సాక్షి సంతకం దగ్గర నా పేరు కూడా చదివించింది.

"ఇప్పుడడుగు" అంది.

"ఏం అడగాలె అత్తా?"

"గప్పుడు అడగాల్సింది. ఇప్పుడడుగు."

ఆ కాగితం పట్టుకొని, యాభై దాటిన వయసులో, బడిపిల్లాడిలా నిలబడి అడిగాను. "ఏలుముద్ర ఏస్తవా అత్తా?"

"ఎయ్య" అంది. అని, రెండు చేతులూ చెంగులో దాచుకుంది.