మగ ఎలుక ఈనిన రోజు

వంటింట్లో సోయా ఉడికే వాసన వస్తే నాకు ఆకలి వేయదు, రాజమణి మేడం గుర్తొస్తారు.

సూరత్‌లో, పల్సానా వెళ్ళే దారిలోని ఒక ఫార్మసీ కాలేజీలో ఆమె పరిశోధకురాలు, నేను సహాయకురాలిని. ఇద్దరమూ ఆ ఊళ్ళోనే సలాబత్‌పురాలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన తెలంగాణ నేతవాళ్ళ పిల్లలమే. సోయాలో ఆడ హార్మోన్‌ను పోలిన పదార్థం ఒకటుంది. అది తగిలితే ఆడ ఎలుక రక్తనాళం ఎంత వదులవుతుంది, మగదానిది ఎంత అని చూడటం మా పని. ఎలుకల్లో ఆడామగా వేరుచేసి పంజరాలకు చీటీలు అంటించడం నా బాధ్యత. రెండు వారాలు ఆడవాటి నాళాలు వదులయ్యాయి, మగవాటివి బిగుసుకునే ఉన్నాయి. ఒకరోజు మాత్రం మగ ఎలుక నాళం కూడా హాయిగా వదులైంది.

"మేడం, ఈ ఒక్కటి తీసేద్దామా?" అన్నాను మెల్లగా.

"నచ్చలేదని తీసేస్తే అది పరీక్ష గాదు, పెండ్లిచూపులు," అన్నారామె. "ఉన్నదున్నట్టు రాయి."

మర్నాడు విభాగాధిపతి ఫలితాలు చూడటానికి వచ్చారు. ఆయనను గర్వంగా మగ ఎలుకల పంజరం దగ్గరికి తీసుకెళ్ళాను. లోపల ఒక మగ ఎలుక ఎనిమిది గులాబీరంగు పిల్లలకు పాలు ఇస్తోంది.

ఆయన చీటీ చూశారు, పిల్లలను చూశారు, నన్ను చూశారు. నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆ జీతంతోనే మా ఇల్లు గడుస్తోంది.

"ఎవరు వేరుచేశారు వీటిని?"

"నా ల్యాబ్ సార్, నాదే తప్పు," అన్నారు మేడం. "వాడేసినవాటిల ఎన్ని మగవో ఇగ తెల్వదు. రెండు వారాల పని మొత్తం కొట్టేస్తున్నం."

ఆయన వెళ్ళాక మేడం తలుపు వేసి, "ఏందే, తోక లేపి చూసుడు గూడ రాదా నీకు?" అని మొదలుపెట్టి అరగంట ఆపలేదు. చివర్లో ఆమెకే నవ్వొచ్చింది. "నయం, కాన్పుల ఆస్పత్రిల పెట్టలేదు నిన్ను."

మళ్ళీ మొదటినుంచి చేశాం. ప్రతి తోకా ఇద్దరం లేపి చూశాం. ఆడవే ఎక్కువ వదులయ్యాయి. అయినా రెండు మగవి, నిఖార్సయిన మగవి, వాటితో పోటీ పడ్డాయి. మేడం అవీ రాయించారు.

ఇప్పుడు నా కింద ఇద్దరమ్మాయిలు పనిచేస్తున్నారు. తప్పు జరిగిందని ఎవరైనా భయపడుతూ వస్తే ముందు కూర్చోమంటాను. నలుగురి ముందు అది నా తప్పే. తిట్లు మాత్రం తలుపు వేశాకే.