అద్దం తుడిచే సీటు

ఎవరి కారులోనైనా వెనక సీట్లో పెద్దవాళ్ళు ఎక్కుతుంటే నేను ముందుగా తలుపు అంచు చూస్తాను. తలుపు తెరిస్తే, గొళ్ళెం కింద, వేలి గోరంత మీట ఒకటి ఉంటుంది. పిల్లలు లోపలినుంచి తలుపు తీయకుండా పెట్టిన తాళం అది. అది పడి ఉందో లేదో చూసి, పడి ఉంటే గోటితో తీసేసి, అప్పుడు ఎక్కమంటాను. "కారు కొన్నది నేను, ఇన్‌స్పెక్టరువి నువ్వు" అని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆయనకి నేను సగమే చెప్పాను.

మా నాన్నకి అరకులో ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. గునపాలు, గొడ్డళ్ళు, కొడవళ్ళు, కాఫీ తోటల్లో పనికొచ్చే కత్తులు. కొండల మీది పల్లెలనుంచి సంతకి దిగినవాళ్ళు కొనేవారు. సరుకు తేవడానికీ, అమ్మమ్మని చూడడానికీ నెలకోసారి ఘాటీ దిగి శృంగవరపుకోట పక్కనున్న ఊరికి వెళ్ళేవాళ్ళం. తొంభైల్లో మాకో పాత జీపు ఉండేది. పైన గుడ్డ టాపు, పక్కలకి తలుపుల బదులు టార్పాలిన్ తెరలు. దాని వైపరు సగం దూరం వెళ్ళి ఆలోచనలో పడేది. వానాకాలం అనంతగిరి దగ్గరికి వచ్చేసరికి అద్దానికి బయటా తెలుపే, లోపలా తెలుపే.

అందుకే అమ్మ ముందు సీట్లో కూర్చునేది. ఆవిడ చేతిలో పొగాకు మూట ఉండేది. మా అమ్మమ్మ అడ్డపొగ తాగే మనిషి, అంటే చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చేది. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళకి అదేం వింత కాదు. కాల్చగా మిగిలిన చుట్ట ముక్కలు నలిపి, పాత కోక ముక్కలో పోసి, గట్టిగా ముడి వేసి అమ్మకి ఇచ్చేది. ఆ మూటని తడిపి అద్దం మీద రుద్దితే వాన నీళ్ళు చుక్కలుగా నిలవకుండా పొరలా జారిపోతాయి. లోపలి వైపు మసకా త్వరగా పట్టదు. పట్టిన మసకని అమ్మ అదే గుడ్డతో తుడిచేది. నాన్న ముందు ఒకసారి, తన ముందు ఒకసారి, మలుపు మలుపుకీ. "మీరు రోడ్డు సూడండి, అద్దం సంగతి నాను సూత్తాను" అనేది.

అమ్మమ్మ వాకిట్లోకి వచ్చి మూట ఇచ్చేటప్పుడు ప్రతిసారీ ఒకటే మాట. "ఇదిగో అమ్మీ, నీ అద్దానికి. అయిపోతే మళ్ళీ రా." ఆ మాట పొగాకు గురించి కాదని చిన్నప్పుడు నాకేం తెలుసు. జీపంతా ఆ వాసన. నాకు ముక్కు మూసుకోవడమే పని. అమ్మకి మాత్రం ఆ వాసన ఉంటేనే బాగుండేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మమ్మ నూతి దగ్గర జారిపడి తుంటి విరిగింది. ఇక లేవదన్నారు. మేనమామ ఇంట్లో మంచం మీదే ఉండిపోయింది. నాన్న జీపు అమ్మేసి, విశాఖపట్నంలో ఎవరో డాక్టరు గారు వాడిన కారు తెచ్చారు. రెండు వేల మూడు ప్రాంతం అనుకుంటాను. ఏసీ, పాటల డెక్కు, బటన్ నొక్కితే దిగే అద్దాలు. మా వీధిలో అలాంటి బండి మాదే మొదటిది. కారు ముందు నిమ్మకాయలు పెడుతూ నాన్న అమ్మతో అన్నారు. "నీ కోసమే ఇది. మీ అమ్మని సూడ్డానికి సుకంగా ఎల్లొచ్చు, వానలో తడవక్కర్నేదు." అమ్మ ఆ సాయంత్రం కారు తలుపులన్నీ కొంగుతో తుడిచింది.

కారుతో పాటు ఒక పుస్తకం వచ్చింది, ఇంగ్లీషులో, బొమ్మలతో. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. పది రోజులు ఆ పుస్తకమే నా బడి. టైర్లలో గాలి ఎంత ఉండాలో, బ్రేకు ఆయిలు గీతకి ఎంత పైన ఉండాలో, వేడి ఇంజనులో రేడియేటరు మూత ఎందుకు తీయకూడదో చదివి నాన్నకి అప్పజెప్పేదాన్ని. ముప్పై ఏళ్ళ డ్రైవింగున్న మనిషి నా ముందు చేతులు కట్టుకుని వినేవారు. "మా గుంట సెప్పిందంటే ఇంక తిరుగు నేదు" అని నా గురించి కొట్టుకి వచ్చినవాళ్ళకి చెప్పుకునేవారు. నేను ఉబ్బిపోయేదాన్ని.

ఆ పుస్తకంలోనే చదివాను. అద్దానికి మసక పడితే ఏసీ వేసి, గాలిని అద్దం వైపు తిప్పే బటన్ నొక్కాలట. చలికాలంలో ఏసీ ఏమిటని నాన్న నమ్మలేదు. మొదటి ప్రయాణంలో, గాలికొండ దాటాక మంచులో, నేను వెనకనుంచి వంగి ఆ బటన్ నొక్కాను. అద్దం కింది అంచునుంచి పైకి, తెర లేచినట్టు, మొత్తం తేటపడింది. నాన్న "ఓరి నాయనో" అన్నారు. అమ్మ చేతిలో తడి మూట అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, తలుపు అరలో పెట్టేసింది.

"ఇంక అద్దం తుడవక్కర్లేదు కదా, అమ్మ వెనక హాయిగా కూర్చోవచ్చు. బటన్లు నేను చూసుకుంటాను" అన్నాను, తిరుగు ప్రయాణంలో. నాన్నకీ అది సబబుగానే తోచింది. అమ్మ వెనక్కి వెళ్ళింది. ముందు సీటు నాదయింది.

రెండో నెల ప్రయాణం చెప్పాలి. బయలుదేరే ముందు పుస్తకం ప్రకారం అన్నీ సరిచూశాను. వెనక తలుపుల తాళం మీటలు దింపాను, ఎలా పనిచేస్తాయో చూడాలని. ఏసీ చల్లదనం పోకుండా వెనక అద్దాలు దిగకుండా చేసే బటన్ నాన్న తలుపు మీద ఉంటే, అదీ నొక్కాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. పాటలు పెద్దగా పెట్టాను. ఘాటీ మలుపుల్లో వెనకనుంచి అమ్మ ఏదో అంది, వినబడలేదు. ఇంకోసారి నా భుజం మీద తట్టింది. "ఏంటమ్మా?" అన్నాను వెనక్కి తిరక్కుండానే. వెనక లారీ హారను కొడుతోంది, నాన్న ఆపడానికి చోటు లేదు.

తైడా దగ్గర ఆపాక నాన్న బయటినుంచి తలుపు తీశారు. అమ్మ ఒడిలో కొంగు మూటకట్టి పట్టుకుని కూర్చుంది. అద్దం దిగలేదు, తలుపు రాలేదు, కొత్త సీటు పాడవకూడదని కొంగులోనే కక్కుకుంది. కుళాయి దగ్గరికి వెళ్ళి, చీర ఉతుక్కుని, తడి చీరతోనే వచ్చి కూర్చుంది. "రాతిరి పులిహోర పడినట్టు నేదు" అంది. నాన్న నమ్మారు. నేను సీటు కవర్లకి వాసన పట్టిందేమోనని వంగి చూశాను. ఆ పని నేనే చేశాను, ఇంకెవరి మీదో పెట్టలేను.

అమ్మకి ఘాటీ పడదు. పెళ్ళై కొండెక్కిన రోజునుంచీ పడదు. ముందు సీట్లో, కళ్ళు రోడ్డు మీద, చేతిలో పని, ముక్కు దగ్గర వాళ్ళమ్మ పొగాకు వాసన ఉంటే మాత్రం ఏమీ కాదు. అది ఆవిడకి తెలుసు, అమ్మమ్మకి తెలుసు. కొండ మీద కాపురం చేస్తూ ఘాటీ పడదంటే నవ్విపోతారని నాన్నకి ఎప్పుడూ చెప్పలేదట. ఇవన్నీ చాలా ఏళ్ళ తర్వాత నాకు చెప్పింది, అదీ నేను కడుపుతో ఉండి వాంతులతో మంచం పట్టినప్పుడు.

మూడో నెల అమ్మ సంచీ సర్దుకుని కారు దాకా వచ్చింది. నేను అప్పటికే ముందు సీట్లో బెల్టు పెట్టుకుని ఉన్నాను. అమ్మ వెనక తలుపు చూసింది, నన్ను చూసింది. "మీరెల్లండి. సంత సామాను సర్దుకోవాల" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకేమీ తెలియదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అబద్ధం. ఆ చూపు దేని గురించో నాకు తెలుసు. దిగాలని లేక దిగలేదు.

తర్వాత నెల కొట్టులో పనుందంది. ఆ తర్వాత నెల నడుం నొప్పంది. బస్సులో వెళ్ళనా అని ఒకసారి తనలో తాను అనుకుంటే విన్నాను, బస్సులో ఇంకా కష్టం, వెళ్ళలేదు. నాన్న, నేనే వెళ్ళేవాళ్ళం. మంచం మీదినుంచి అమ్మమ్మ తలుపు వైపు చూసేది, మా వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని. "అది రానేదేటి బాబూ? దానికి ఒంట్లో బాగుందా?" అని నాన్నని అడిగేది. బాగుంది, సంత పనులు అని నాన్న చెప్పేవారు. అమ్మమ్మ తలగడ కింద చెయ్యి పెట్టి మూట తీసేది. పడుకునే కట్టేదట, అయినా ముడి గట్టిగానే ఉండేది. "అద్దానికి అని సెప్పు. అది తుడిస్తేగాని మీ బండి నడవదు కదా" అనేది.

కారుకి ఇప్పుడు బటన్ ఉందని అమ్మమ్మకి చెప్పబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపారు. మూటలు తెచ్చి అమ్మకి ఇచ్చేదాన్ని. అమ్మ వాటిని బియ్యం డబ్బా పక్కన వరసగా పెట్టేది. ఎనిమిది అయ్యాయి.

శ్రావణ మాసంలో, ఇంకా తెల్లవారలేదు, ఇంటి ముందరి కొట్టులో ఫోను మోగింది. అమ్మమ్మ పోయింది.

వాన ధారగా పడుతోంది. నాన్న కారు తీశారు. నేను ముందు తలుపు దగ్గర నిలబడ్డాను, అలవాటు. నాన్న వెనక తలుపు తీసి, "ఇక్కడ పడుకోవే, దూరం కదా" అన్నారు అమ్మతో. అమ్మ కదల్లేదు. చేతిలో మూట ఉంది, ఎనిమిదింటిలో ఒకటి.

"నాను ముందు కూకుంటాను" అంది. ఏడాదిలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

నేను వెనక ఎక్కాను. తైడా దగ్గర ఆగిన ఆ ప్రయాణం తర్వాత వెనక సీట్లో సామాన్లు తప్ప ఎవరూ కూర్చోలేదు. నేను పెట్టిన తాళాలు పెట్టినట్టే ఉన్నాయి. అనంతగిరి దాకా బాగానే ఉన్నాను. దిగుడు మొదలయ్యాక ముందు సీటు వీపు తప్ప ఏమీ కనబడక, మలుపు మలుపుకీ కడుపు గొంతులోకి రావడం మొదలుపెట్టింది. అద్దం బటన్ నొక్కాను. దిగలేదు. తలుపు లాగాను, రాలేదు. ఆ కుదుపుల్లో, నా తాళంలో, అమ్మ ఎంతసేపు కూర్చుందో లెక్క వేసుకున్నాను. ఆపమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ముందు ఏసీ నడుస్తోంది, అద్దం తేటగా ఉంది. అయినా అమ్మ మూటతో తుడుస్తోంది. నాన్న ముందు ఒకసారి, తన ముందు ఒకసారి. మసక లేని అద్దాన్ని, ఏడుపు లేకుండా, రుద్దుతూనే ఉంది. నాన్న రెండు మలుపులపాటు ఆవిడని చూశారు. మూడో మలుపులో చెయ్యి చాపి ఏసీ ఆపేశారు.

క్షణాల్లో అద్దం తెల్లబడింది. అమ్మ తుడిచింది. మళ్ళీ తెల్లబడింది, మళ్ళీ తుడిచింది. నాన్న ఆ తుడిచినంత మేరలోంచే రోడ్డు చూసుకుంటూ, నెమ్మదిగా, జీపు నడిపినట్టే నడిపారు. కారంతా అమ్మమ్మ వాసన.

శివలింగపురం దాటి, చదును రోడ్డు వచ్చేదాకా అమ్మ చెయ్యి ఆగలేదు. దారిలో ఒక్కచోట కూడా కారు ఆపమనలేదు, ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదు. అమ్మని అమ్మమ్మ దగ్గరికి తీసుకువెళ్ళడానికి కావలసింది అంతే. నేను ఆ సీటు దిగితే చాలు.