అమ్మ కడిగిన పంజా

మొన్న నాయన పోయినప్పుడు ఆయనకు ఆఖరి స్నానం నీళ్లు పోసింది మగవాళ్లు. నేను గడప ఇవతల కూర్చుని ఆ నీళ్ల చప్పుడు విన్నాను. ఆరేళ్ల కిందట, 1958లో, అమ్మకు నీళ్లు పోసింది నేను. అప్పుడు గడప ఇవతల ఆయన ఉన్నాడు. మావాళ్లలో ప్రాణం పోయిన భార్యను భర్త తాకకూడదు.

నాయన పేరు వలి బాషా. ప్రొద్దుటూరులో గిల్టు పని చేసేవాడు. తొట్టిలో మందునీళ్లు, అందులో ఒక తీగకు వెండి రేకు, ఇంకో తీగకు రాగి వస్తువు. రెండు తీగలూ లారీ బ్యాటరీకి తగిలిస్తే వెండి కరిగి రాగి మీద పొరగా చేరేది. ఆ పొర నిలవడం బ్యాటరీ చేతిలో లేదు, కడగడంలో ఉంది అనేవాడు. కడగడం అమ్మ మాబున్ని పని. చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమి పైనుంచి నీళ్లు వదిలేది. నీళ్లు పలచగా పరుచుకుంటే శుభ్రం. ఎక్కడన్నా విరిగి బొట్లు కడితే అక్కడ చేతి జిడ్డు మిగిలినట్టు. ఆ తర్వాత ఎవరూ ముట్టకూడదు. దగ్గరికొచ్చి తొంగిచూసేవాళ్లను, "చెయ్యి దూరం పెట్టు మామా, లేకుంటే దానికీ పూత ఏస్తాం" అని బెదిరించేది.

ఆ ఏడు పీర్ల పండక్కు ముందు జమ్మలమడుగు నుంచి పీర్లచావిడి చూసుకునే ముజావరు అలీ అహ్మద్ అక్కడి పంజా తెచ్చాడు. పీరు పైన నిలబెట్టే రాగి హస్తం అది. అమ్మ జ్వరంలోనే దాన్ని తోమి, గుడ్డలో చుట్టి పెట్టింది. మూడో రోజుకు పోయింది. పులివెందుల నుంచి నేను వచ్చేసరికే మాట లేదు.

తర్వాత పది రోజులూ పెరట్లో తోముతున్న చప్పుడు వినబడుతోందని నాయన లేచి వెళ్లి చూసి వచ్చేవాడు.

పదో దినం అమ్మ పేరున ఫాతిహా చదివించాక గుడ్డ విప్పాడు. మళ్లీ కడిగి, నీళ్లు వదిలి చూడాలి. చూడలేదు. అమ్మ పనిని శంకించినట్టవుతుందనుకున్నాడేమో, అలాగే తొట్టిలో దించాడు. పైకి తీస్తే తెల్లగా వెలిగింది. బట్టతో రుద్దగానే పొర ఐదు చోట్ల లేచిపోయింది. పట్టుకున్న చేతి గుర్తులు: ఒక వైపు బొటనవేలిది, రెండో వైపు నాలుగు వేళ్లవి. నడిమి వేలి కొస వంకర. చిన్నప్పుడు రోట్లో నలిగి అమ్మ వేలు అట్లాగే ఉండేది.

నాయన తన వేళ్లు ఆ గుర్తుల మీద ఆనించి కూర్చున్నాడు. అన్నానికి లేవలేదు.

మర్నాడు అలీ అహ్మద్ వచ్చి చూశాడు.

"ఏందప్పా వలీ, పీరుకు పొడలు లేపినావు?"

ఆ గుర్తులు ఎవరివో నేను చెప్పాను. పంజా వైపు చాచిన చెయ్యి ఆయన వెనక్కి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఎల్లుండి పీరు లేపాల. ఊరంతా కాసుకోనుంది. దీన్ని పెట్టుకోని ఏడుస్తావో, తోమిస్తావో నువ్వే చెప్పు" అన్నాడు.

ఆయన వెళ్లాక నాయన పంజాను నా ముందు పెట్టాడు.

"ముట్టుకోకూడనిది శానాసేపు ముట్టుకుంటినమ్మా. మీయమ్మకు నీళ్లు పోసింది నువ్వే గదా. దీనికీ నువ్వే పొయ్యి."

ఇసుకతో పూతంతా గీకాను. చింతపండుతో తోమి నీళ్లు వదిలాను. ఆ ఐదు చోట్లే విరిగాయి. మళ్లీ తోమాను, మళ్లీ విరిగాయి. మూడోసారి నీళ్లు పంజా అంతా పరుచుకుని మెల్లగా జారిపోయాయి. నాయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"విరగలేదు" అన్నాను.

తల ఊపి, పంజాను తీగతో అందుకున్నాడు.

ఆ ఏడు పీరు తెల్లగా మెరిసిందని అందరూ చెప్పుకున్నారు. నాయన చూడ్డానికి పోలేదు.

ఇప్పటికీ చెంబు తోమి నీళ్లు వదిలితే ఎక్కడన్నా విరుగుతాయేమోనని చూస్తాను. విరిగితే, మళ్లీ తోమకుండా అట్లాగే బోర్లిస్తాను.