బావి గట్టు మీద భిస్తీ

పోలీసు చర్య రోజులవి. ఏ ఇల్లు ఎప్పుడు అంటుకుంటుందోనన్న భయంతో అల్వాల్‌లో మంటలార్పే దళం పెట్టుకున్నాం. ఇంటింటా ఇసుక బకెట్లు, కాలుతున్న కప్పును లాగిపడేసే కొక్కేల గడలు సిద్ధం చేశాం. ఇళ్లకు నీళ్లు మోసే ముసలి భిస్తీ తన తోలుతిత్తి తెస్తానన్నాడు. మా బావిలో తోలు ముంచడానికి వీల్లేదని, అదేదో ఘనకార్యమైనట్టు, అందరి ముందూ చెప్పింది నేనే.

నెల తిరక్కముందే మా పశువుల కొట్టం అంటుకుంది. బకెట్లు చాలలేదు. భిస్తీ తిత్తి భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చి, బావి గట్టు మీద ఆగిపోయాడు.

"బాయిల ముంచమంటరా, పటేలా?" అని అడిగాడు.

ముంచమనడానికి ఒక్క మాట చాలు. నేను చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు చూశాను. అలా చూస్తుండగానే కొట్టం కప్పు కూలిపోయింది.