పసుపు దారం కట్టిన వైరు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి, చార్జింగ్ కేబుళ్లు అమ్మే ఒక చిన్న కొట్టు ముందు ఆగాను. కొట్టతను కొత్త వైరు చుట్ట కవరు చింపగానే దాని వాసన గుప్పుమంది. కొత్త చెప్పుల వాసనా కాదు, రబ్బరు వాసనా కాదు, రెండింటికీ మధ్య ఏదో. ఆలోచించకుండానే వైరు కొసను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. "ఏంది మేడమ్, గట్ల వాసన చూస్తున్నరు? అగర్‌బత్తా అది?" అన్నాడతను. పక్కనున్న ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాల్సిందే, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. వైరు పైతొడుగు వాసన చూసి అది కొత్త సరుకో, కరిగించి మళ్లీ పోసిన సరుకో చెప్పడం నాకు నేర్పింది నర్సింహ మాస్టర్. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

ఎల్బీనగర్ దాటాక హైవేకు కాస్త లోపలగా ఉన్న షెడ్డులో నేను పని చేస్తాను. అక్కడ ఒకప్పుడు లారీ బాడీలు కట్టేవారట. తర్వాత అబ్దుల్లాపూర్‌మెట్ వైపు సినిమా షూటింగులకు వచ్చేవాళ్ల కోసం బస్సుల్లో గదులు కట్టారు. ఇప్పుడు కారు వెనక తగిలించుకుని పోయే చిన్న ట్రైలర్ ఇళ్లు కడుతున్నాం. పైనొక పడక, కిందొక పడక, వంటకు ఒక గట్టు, తలుపు పక్కన ఒక కిటికీ. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతపట్టుకుని నేను చేరేనాటికి వైరింగ్ అంతా నర్సింహ మాస్టర్‌దే. యాభై అయిదేళ్లుంటాయి. చొక్కా జేబులో టెస్టరు, మెడలో తువ్వాలు, నడుముకు ఒక గుడ్డ సంచి. ఆ సంచిలో స్క్రూ డ్రైవర్లు ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే దారపు ఉండలు.

మొదటి వారంలోనే నేను ఒక డ్రాయింగు గీసి ఆయన ముందు పరిచాను. ఫోన్ చార్జింగ్ పాయింట్లు ఆరు, తలుపు పక్కన ఒకే వరసలో, స్కూలు పిల్లల్లా చక్కగా నిలబెట్టాను. వైరు తక్కువ పడుతుంది, చూడ్డానికి నీటుగా ఉంటుంది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"మంచిగుంది బిడ్డా. మరి పండుకునేటోడు ఫోన్ ఏడ పెడ్తడు?"

"తలుపు దగ్గర పెట్టి పడుకుంటాడు మాస్టర్."

"నువ్వు ఇంట్ల గట్లనే పండుకుంటవా? ఫోన్ గేటు కాడ పెట్టి?"

ఫోన్ దిండు కింద లేకపోతే నాకు నిద్రే పట్టదు. ఆయన నన్ను వైరు కూడా లాగని ఖాళీ ట్రైలర్‌లోకి తీసుకెళ్లి, నేల మీద అట్టముక్క పరిచి పడుకోమన్నారు. షెడ్డులో అందరూ చూస్తున్నారు. డిప్లొమా చదివిన దాన్ని అట్టముక్క మీద పడుకున్నాను, ఒళ్లు మండిపోతోంది. "కండ్లు మూసుకొని ఫోన్ పక్కకు పెట్టు" అన్నారు. చెయ్యి చాపాను. ఎక్కడ ఆగిందో అక్కడ గోడ మీద సుద్దతో గీత పెట్టారు. "గీడనే పాయింటు. చెయ్యికి ఎరుక. డ్రాయింగుకు ఏమెరుక?"

అప్పట్నుంచి అదే మా పద్ధతి అయింది. ట్రైలర్ కొనేవాళ్లు ఇంటిల్లిపాదీ వచ్చి, తమ చార్జర్లు తామే తెచ్చుకుని, ఖాళీ ట్రైలర్‌లో పడుకుని, కూచుని చూపించాలి. ఆయన ఒక్కొక్క చోటా సుద్దగీత పెట్టేవారు. తర్వాత దారాలు. మాస్టర్ పోచంపల్లి దగ్గరి మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. అక్కడ నూలుకు రంగు ఎక్కకూడని చోట ముందే ముడి కడతారు. ఆయన ఆ ముడిని వైర్ల మీదికి తెచ్చుకున్నారు. మా ట్రైలర్లలో రెండు లైన్లు ఉంటాయి. ఒకటి ట్రైలర్‌లోనే ఉన్న బ్యాటరీది, అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. రెండోది ముందున్న కారు నుంచి వచ్చేది, కారు నడుస్తున్నంతసేపే ఉంటుంది. రెండు లైన్లకీ వాడే వైరు ఒక్కటే రకం. అందుకని బ్యాటరీకి కలపాల్సిన వైరుకు రెండు కొసలా పసుపు దారం కట్టేవారు, కారు లైనుకు ఎర్ర దారం. వైర్ల మీద అంకెలు రాస్తే సరిపోదా అని అడిగాను ఒకసారి. "అంకె చెమటకు చెరుగుతది బిడ్డా. ముడి ఇప్పేదాకా ఉంటది" అన్నారు.

వనస్థలిపురం నుంచి ఒక స్కూలు టీచరు గారు కుటుంబంతో వచ్చింది ఆ రోజుల్లోనే. ఆయన, భార్య, కూతురు, తల్లి. తల్లి పేరు రాజేశ్వరమ్మ. డెబ్బై దాటిన మనిషి. ముగ్గురూ పడుకుని లేచారు, ఆమె మాత్రం తలుపు దగ్గరే నిలబడింది. "నాకేం ఫోను లేదు, నాకు పాయింటు ఎందుకు?" అంది. మాస్టర్ ఆమె చెవుల వైపు చూశారు. రెండు చెవులకూ చిన్న వినికిడి మిషన్లున్నాయి.

"అమ్మా, గవి రాత్రికి ఏడ పెడ్తరు?"

"డబ్బాలో పెట్టి చార్జింగుకు పెడతా నాయనా. లేకుంటే తెల్లారి నాకు లోకమే వినబడదు."

మాస్టర్ కింది పడక చోట తన తువ్వాలు పరిచి, ఆమెను చెయ్యి పట్టి కూచోబెట్టారు. ఆమె సిగ్గుపడుతూనే పడుకుని, డబ్బాను తల పక్కన పెట్టింది. సుద్దగీత పడింది. ఆ వైరుకు ఆయన పసుపు దారం ఒకటి కాదు, మూడు ముడులు వేశారు. "గీమె లైను తప్పొద్దు" అన్నారు నాతో.

నాలుగు రోజులకు వైర్లు లాగడం అయిపోయింది. బావమరిది కూతురి పెళ్లికని మాస్టర్ ఊరికి పోయారు. వైరు కొసలను రెండు లైన్లూ చేరే బోర్డుకు కలపడం, గోడకు పలకలు బిగించడం మిగిలాయి. "నేనొచ్చినంక కలుపుదాం, రెండు దినాలే కదా" అని చెప్పి మరీ వెళ్లారు. మా యజమాని ప్రసాద్ గారు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆ రెండు రోజులూ విజయవాడలో ఉండి నాకు ఫోన్ మీద ఫోన్. "ఏమ్మా స్వప్నా, బండి రేపు ఇచ్చేయాలి. లోపలి వైరింగ్ ఫొటోలు కూడా తీసి పంపు. కొత్తవాళ్లకి చూపించాలి. నీటుగా ఉండాలి సుమా!"

ఆ నీటు అన్న మాట నా తలకెక్కింది. షెడ్డులో అందరూ ఇళ్లకు పోయాక, నాకు వచ్చిన పనేనని ముందుగా కొసలన్నీ బోర్డు దగ్గరికి చేర్చాను. ఫోన్‌లో చూస్తే వైర్ల నిండా ఎర్రా పసుపూ దారాలు వేలాడుతూ, దర్గా జాలీకి కట్టిన మొక్కుల్లా ఉన్నాయి. కత్తెర తీసుకుని అన్నీ కోసేశాను. ఏది ఏదో నాకు గుర్తుందనుకున్నాను. ఫొటోలు తీసి, కొసలు కలిపి, పలకలు బిగించాను. తర్వాత పరీక్ష. మా షెడ్డు కారును ముందు తగిలించి, ఇంజను నడిపించి, ఒక్కొక్క పాయింటులో ఫోన్ పెట్టి చూశాను. అన్నీ వెలిగాయి. వెలగవా మరి! కారు నడుస్తుంటే రెండు లైన్లలోనూ కరెంటు ఉంటుంది. ఆ సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. నన్ను నేనే మెచ్చుకుని మర్నాడు బండి ఇచ్చేశాను.

వారం తిరక్కుండానే టీచరు గారు ట్రైలర్‌ను వెనక్కి తెచ్చారు. దిగీ దిగకముందే కేకలు. వాళ్లు సాగర్ వైపు పోయి ఒక తోటలో దిగారట. రాజేశ్వరమ్మ మిషన్ల డబ్బాను తల పక్క పాయింటుకు తగిలించినప్పుడు కారు ఇంకా నడుస్తోంది. డబ్బా మీద లైటు వెలిగింది, ఆమె నమ్మి పడుకుంది. తర్వాత కారు ఆపి, ట్రైలర్ నుంచి విప్పేశారు. తెల్లారేసరికి మిషన్లలో ప్రాణం లేదు. ట్రైలర్‌ను తగిలించడానికి కొడుకు కారును వెనక్కి తెస్తూ "అమ్మా, జరుగు, జరుగు" అని అరిచాడు. ఆమె కారుకు వీపు పెట్టి గిన్నెలు సర్దుకుంటోంది. కారు తగిలి పడింది, మణికట్టు విరిగింది. "ఇంకొక్క అడుగు వెనక్కొస్తే ఏమయ్యేది? మా అమ్మ ఏమయ్యేది?" అని ఆయన షెడ్డు మధ్యలో నిలబడి ఏడ్చారు. అంత పెద్ద మనిషి ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

మాస్టర్ పలక విప్పారు. రాజేశ్వరమ్మ పాయింటు వైరు కారు లైనుకు కలిసి ఉంది. లోపల వైర్లు బోడిగా ఉన్నాయి. ఒక్క దారం లేదు. ఆయన తలెత్తి నావైపు చూశారు. ఎంతసేపో కాదు, రెప్ప వేసినంతసేపు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, కాదనను. అంతకంటే పెద్దది ఇంకొకటుంది. ఆడపిల్ల వైరింగ్ ఏం చేస్తుందని నవ్విన వాళ్లంతా ఆ చుట్టూనే ఉన్నారు. వాళ్ల ముందు నా నోరు పెగల్లేదు.

"ఎవరు కలిపారండీ ఇది?" ప్రసాద్ గారు గట్టిగా అడిగారు.

"నేనే సార్. ఊరికి పోయే తొందరల కలిపిన. చూసుకోలే" అన్నారు మాస్టర్.

"ఇరవై ఏళ్ల అనుభవం అని నెత్తిన పెట్టుకుంటే ఇదా మీరు చేసేది? ఇక బోర్డు మీద చెయ్యి వెయ్యకండి. స్వప్న చూసుకుంటుంది."

నేను ఆ మాటా విన్నాను. విని ఊరుకున్నాను. మాస్టర్ టీచరు గారి ముందు చేతులు జోడించి, "అమ్మకు తప్పైందని చెప్పు సార్" అన్నారు. ఆ రోజే వైరును సరిగ్గా కలిపి, మళ్లీ మూడు ముడులు వేశారు. ఆ తర్వాత పది రోజులు రేకులు పట్టుకుంటూ, పలకలు మోస్తూ గడిపారు. పదకొండో రోజు నుంచి రాలేదు. అల్మాస్‌గూడలో ఇంటి ముందే మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తున్నారని ఎవరో చెప్పారు. ఆయన వస్తువులన్నీ పట్టుకెళ్లారు గానీ దారాల సంచి మాత్రం నా బల్ల మీద వదిలి వెళ్లారు. మరిచిపోయారనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది.

తర్వాత ఒక్కసారే కనబడ్డారు, దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో. నన్ను చూసి ముఖం వెలిగింది. "ఎట్లున్నవు బిడ్డా? మందిని పండుకోబెట్టి చూస్తున్నవా, మళ్ల వరస కడుతున్నవా?" అని ఆటపట్టించారు. నేను నవ్వాను. చెప్పేద్దామని గొంతు దాకా వచ్చింది. చుట్టూ జనం, మోత, ఇక్కడేం బాగుంటుంది, ఒక ఆదివారం ఇంటికే వెళ్లి చెబుదాం అనుకున్నాను. "ఇంటికొస్తా మాస్టర్" అన్నాను. "రా బిడ్డా. ఆదివారం ఇంట్లనే ఉంట" అన్నారు. ఆయన బస్సు వచ్చింది.

ఆ ఆదివారం రాలేదు. ఎన్ని ఆదివారాలు వచ్చి పోయాయో, నేను మాత్రం వెళ్లలేదు. ఒకసారి తలనొప్పి, ఒకసారి చుట్టాలు, ఒకసారి వాన. వెళ్లకూడదనుకునే మనిషికి సాకులకేం కరువు? చివరికి గుండెపోటుతో పోయారని తెలిసి, దశదినకర్మ నాడు వెళ్లాను. ఆయన భార్య అండాలమ్మను నేను అంతకుముందు చూడలేదు. నా పేరు చెప్పగానే ఆమె చేతిలోని పళ్లెం కింద పెట్టింది.

"స్వప్నవా? దారాలు కోసింది నువ్వే కదా బిడ్డా?"

ఆ గొంతులో కోపం ఉంటే తట్టుకునేదాన్ని. కోపం లేదు, ఊరికే అడిగింది. నేను తల ఊపాను.

"ఆయన చెప్పిండు. కొత్త పిల్ల, ఇప్పుడు పేరు పోతే మళ్ల రాదు, నాదేముంది అన్నడు. నువ్వొచ్చి చెప్తవని మస్తు చూసిండు. ఆదివారం పొద్దున చాయ్ పెట్టేటప్పుడు ఇంకో కప్పు నీళ్లు ఎక్కువ పొయ్యమనేటోడు. ఎవరొస్తరయ్యా అంటే, రావల్సినోళ్లు ఉన్నరులే అనేటోడు."

ఆయన నన్ను క్షమించారని అప్పటిదాకా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. క్షమించారు, నిజమే. కానీ నా నోటితో వినాలని ఎదురుచూశారు. ఆ గుమ్మంలో కూలబడి ఏడ్చాను. అండాలమ్మే నాకు మంచినీళ్లు ఇచ్చింది.

మర్నాడు ప్రసాద్ గారికి జరిగింది చెప్పాను. "ఆ మనిషిని నేను ఎంత మాటన్నానమ్మా!" అన్నారాయన. తర్వాత వనస్థలిపురం వెళ్లి రాజేశ్వరమ్మకు చెప్పాను. ఆమె మణికట్టు అతుక్కుంది గానీ కాస్త వంకరగా. చెవుల్లో మిషన్లు సర్దుకుని, ఒక్క మాట కూడా వదలకుండా విన్నది. విని, నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది.

"తువ్వాలు పరిచిన మనిషి... ఆయనకు చెప్పినవా ఈ మాట?"

"లేదమ్మా" అన్నాను.

ఇప్పుడు బోర్డు పని నాదే. మనుషుల్ని పడుకోబెట్టి సుద్దగీతలు పెడతాను, ఆయన సంచిలోంచే దారాలు తీసి ముడులు వేస్తాను. పరీక్ష చేసేటప్పుడు కారు తాళం తీసి నా గుప్పిట్లో పెట్టుకుంటాను. ఇవన్నీ ఆయన పనులే, నాకేం గొప్ప లేదు. పలక బిగించే ముందు మాత్రం ఎవరూ పక్కన లేకుండా చూసుకుని, పసుపు ముడి మీద వేలు పెట్టి, "కోసింది నేనే మాస్టర్" అని పైకే అంటాను. అన్నాక పలక బిగిస్తాను.