అన్న గాలం కర్రలకు వదిన ఎంచిన స్టాండు

ఈరోజు మా వదినను నేను మెచ్చుకోక తప్పలేదు. మామూలుగా నేను ఎవరినీ అంత సులువుగా మెచ్చుకోను.

మా అన్నకు చూపు పోయింది. అయినా కౌతాళం దగ్గర కొత్తగా నీళ్లు వదిలిన కాలువలో చేపలు పట్టడం మానలేదు, నేను తోడు పోతాను. ఆయన వెదురు గాలం కర్రలు మూలన పడి వంగిపోతున్నాయని, వాటికో స్టాండు కొనడానికి పొద్దున వదినా నేనూ ఆదోని వెళ్లాం.

వడ్రంగి రెండు చూపించాడు. గోడకు ఎత్తున బిగించేది నాకు నచ్చింది. వదిన మాత్రం నేల మీద నిలబెట్టే పొట్టిదాని దగ్గరే ఆగిపోయింది.

"అదొద్దులే వదినా, ఇంట్లో పిల్లోళ్లకు గాలాలు గుచ్చుకుంటాయి," అన్నాను.

"గాలాలు ఇప్పి డబ్బాలో పెడతాలేప్పా. కర్రలు పైన పెడితే మీయన్న దినామూ ఎవరో ఒకర్ని దింపమని అడుక్కోవాల. ఇదైతే సెయ్యి సాపితే సాలు, ఏ కర్ర యాడుందో ఆయప్పకే తెలుస్తాది."

పొట్టిదాన్నే బస్సు మీద వేయించి తెచ్చాం.

సాయంత్రం అన్న దాని గాడులన్నీ తడిమి, తన పొడుగు కర్రను తనే తీసుకున్నాడు. "ఎవురు ఎంచినార్రా దీన్ని?" అని అడిగాడు. చెప్పాను. ఆ కర్రను నిమురుతూ, "మీ వదినకు సేపల వాసనే పడదు కదరా!" అన్నాడు, ముఖమంతా నవ్వుతో.

మీరైతే ఏది కొనేవాళ్లు? నిజం చెప్పండి.